నీలం గోళీల సంచి

ఆదివారం పొద్దున్నే ఏలీయా పొయ్యి మీద పెనం పెట్టాడంటే అది దోసెలకని ఎవరూ అనుకోకూడదు. ఒక తెల్లటి గుడ్డసంచి కుట్టు విప్పి, అందులోని గులాబీ రంగు గోళీలను పెనం మీద పోసి, అట్లకాడతో కదుపుతూ కూర్చునేవాడు. గోళీలంటే పెసరగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. వేడికి గులాబీ రంగు పోయి నీలం తేలేది. చల్లారాక మళ్లీ సంచిలో పోసి, తనే కుట్టి, భార్య చేతికిచ్చేవాడు. సుకుమారి ఆ సంచిని జాకెట్టు ఎడమవైపు లోపలి జేబులో పెట్టుకుని, అద్దంలో రెండు వైపులూ సమంగా ఉన్నాయో లేదో చూసుకుని చర్చికి బయల్దేరేది. ఎడమవైపు ఆమెకు రొమ్ము లేదు. 1993 డిసెంబరులో హైదరాబాదు ఆసుపత్రిలో తీసేశారు.

పటాన్‌చెరులో చర్చివాళ్లు నడిపే చిన్న బడిలో ఆమె రెండో తరగతి టీచరు. అప్పటికి నలభై నాలుగేళ్లు. ఏలీయా కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ స్టోర్సులో పనిచేసేవాడు. పిల్లలు లేరు. ఆపరేషన్ తర్వాత చూడవచ్చినవాళ్లు పళ్లతోబాటు ఒక మాట కూడా తెచ్చారు: ఇది దేవుని పరీక్ష. అందరికీ తలూపి, అందరూ వెళ్లాక ఆమె మొగుడితో అన్నది: "రెండో తరగతి పిల్లలకు నేను గింత అన్యాలపు పరీక్ష పెడ్తె హెడ్మాస్టరు నన్ను కొలువుల ఉంచుతడా?"

ఓదార్చడానికి వచ్చినవాళ్లకు ఇలాంటి మాటలు నచ్చవు. రోగి ఓర్పుగా ఉండాలి, వీలైతే కాస్త వెలుగుతూ ఉండాలి. సుకుమారికి వెలగడం చేతకాలేదు. రాసే చెయ్యి కుడిది కావడం తన అదృష్టమనీ, ఇక బడికి పోతాననీ అన్నది.

ఆసుపత్రి నుంచి వచ్చేముందే నాగేశ్వరి అనే నర్సు భార్యాభర్తలిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి బీరువాలోంచి ఒక పెట్టె తీసింది. అందులో విదేశీ సరుకు, సిలికాన్ రొమ్ము. సుకుమారి దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచింది. బరువు బాగుంది. రంగు మాత్రం తెల్లదొరసానులది. ధర విన్న ఏలీయా రెండు చేతులతో అందుకుని, గాజుసామాను పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

పెట్టెతో పాటు ఒక రంగుల పుస్తకం ఉంది. పేజీ తిప్పితే నీలం నీళ్ల పక్కన ఈత బట్టల్లో నలుగురు ఆడవాళ్లు. నలుగురికీ ఇదే ఆపరేషన్ అయిందట.

"వీళ్లందరు గట్ల నవ్వుతున్నరేంది సిస్టర్?"

"ఫోటో కదమ్మా."

"మా దిక్కు ఆపరేషనైనంక గిట్ల నవ్వితె తాయెత్తు కట్టిస్తరు." అని ఆమె పేజీని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "ఈ బట్టల లోపట జేబు ఏడ కుడుతరు?"

నాగేశ్వరి ఆశ్చర్యపోయింది. "మీరు ఈతకు వెళ్తారా?"

"ఈత ఏడిది. తొట్టిల దిగుత."

ఏలీయా విప్పి చెప్పాల్సి వచ్చింది. వాళ్ల చర్చిలో బాప్తిస్మమంటే నెత్తిన నీళ్లు చిలకరించడం కాదు, మనిషిని నిలువునా ముంచి లేపడం. ఒకప్పుడు వాగులో ముంచేవాళ్లు. వాగులో నీళ్లకు బదులు రంగు పారడం మొదలయ్యాక ఆవరణలోనే సిమెంటు తొట్టి కట్టి, ట్యాంకరు నీళ్లు పోయిస్తున్నారు. ఆడవాళ్లు దిగినప్పుడు పాస్టరుకు అటువైపు ఇంకొక ఆడమనిషి ఉండాలి. భయపడేవాళ్లను పట్టుకోవాలి, చీర చెదిరితే సర్దాలి, పైకి తెచ్చి దుప్పటి చాటున బట్టలు మార్పించాలి. పద్నాలుగేళ్లుగా ఆ మనిషి సుకుమారి. నిల్చునే ఆమె కూడా తెల్లచీరే కట్టాలి. తడిసిన తెల్లచీర దేన్నీ దాచదు.

నర్సు ఆ పేజీని చింపి ఆమెకు ఇచ్చేసింది. సుకుమారి దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఏ అధ్యాయం దగ్గరన్నది ఆమె చూసుకోలేదు.

తర్వాత ఆరేడు నెలలు రకరకాల సంచులతో గడిచాయి. మొదట దూది. దూదికి బరువు లేదు. నల్లబల్ల మీద పైవరసలో రాయడానికి చెయ్యెత్తితే అది కూడా ఎక్కేది. ఒకరోజు ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, మీకు భుజమ్మీద గడ్డ లేసింది" అన్నది. సుకుమారి బల్లవైపు తిరిగి కిందికి లాక్కుని, "తగ్గింది, ఎక్కం చదువు" అన్నది. తర్వాత స్పాంజి. దాని కథా అంతే. అటుపిమ్మట ఆవాలు. ఆవాలు బుద్ధిగా కూర్చున్నాయి కానీ ఎండాకాలం చెమటకు నాని వాసనేశాయి, పైగా చీమలు. ఒక వైపు బరువు లేకపోతే మనిషి భుజం వంగిపోతుందని నర్సు చెప్పిన మాట నిజమేనని నడుంనొప్పి చెప్పింది. ఇదంతా అలంకారమనీ, ఈ వయసులో ఎందుకనీ అన్నవాళ్లకు రెండు భుజాలూ సమంగా ఉన్నాయి.

మందుల డ్రమ్ముల్లో తేమ చేరకుండా వేసే గోళీలను ఏలీయా తెచ్చాడు. సిలికా జెల్ అంటారు. పొడిగా ఉంటే నీలం, తేమ పీల్చుకుంటే గులాబీ. రంగు మారినవాటిని కంపెనీలో వేడి చేసి మళ్లీ వాడతారు, పనికిరానివి పారేస్తారు. పారేసేవాటిలోంచి రెండు గుప్పిళ్లు అడిగి తెచ్చుకున్నాడు. సన్నటి నేత గుడ్డను రెండు పొరలు వేసి సంచి కుట్టి అందులో నింపితే చేతిలో మెత్తగా ఒరిగింది, జేబులో నిండుగా కూర్చుంది. పురుగు లేదు, వాసన లేదు, చెమటను అదే తాగుతుంది.

"ఒంటి మీద కంపెనీ మాల్ ఏస్కోని తిరుగుతున్న" అనేది సుకుమారి. "ఎక్స్‌పైరీ డేట్ సూసినవా?"

"నీకు లేదు పో" అనేవాడు ఏలీయా.

రొమ్ము తీసేసిన సంగతి తెలియనిది ఒక్క మనిషికి. లక్డారంలో ఉండే సుకుమారి తల్లి బక్కమ్మ. పెద్దకూతురు దయావతి కాన్పులో పోయినప్పుడు బక్కమ్మ ఏడాదిపాటు మనిషి కాలేదు. అన్నం ముందు పెడితే అలాగే చూస్తూ కూర్చునేది. అందుకని ఈసారి అందరూ కలిసి గర్భసంచి ఆపరేషనని చెప్పారు. మంచి అబద్ధం. ఆ చుట్టుపక్కల నలభై దాటినవాళ్లలో గర్భసంచి ఉన్నవాళ్లను వెతుక్కోవాలి. బక్కమ్మ వచ్చి నెలరోజులుండి, కూతురికి జొన్నగటక పోసి, బరువులెత్తొద్దని చెప్పి వెళ్లింది. కూతురు మెడదాకా దుప్పటి కప్పుకుని తల్లి చెప్పినవన్నీ వింది.

ఆపరేషన్ తర్వాత సుకుమారి తొట్టిలో దిగలేదు. నడుంనొప్పి అన్నది. పాస్టరు బర్నబా భార్య ఆ పని చూసుకుంటోంది. అలాగే గడిచిపోయేది, 1996 జూలైలో బక్కమ్మ బస్సు దిగి వచ్చి ఒక కబురు చెప్పకపోతే.

బక్కమ్మ మొగుడు యాభై ఏళ్ల కింద యేసును నమ్ముకున్నాడు, పిల్లలకు చర్చి పేర్లే పెట్టాడు. బక్కమ్మ చర్చికి వచ్చేది, వంటలు చేసేది, పాటలు పాడేది, తొట్టిలో మాత్రం దిగలేదు. పాస్టర్లు మారినప్పుడల్లా ఆమె హృదయ కాఠిన్యం గురించి ప్రసంగాలు జరిగాయి. అసలు కారణం ఏ పాస్టరూ అడగలేదు. చిన్నప్పుడు ఆమె మోటబావిలో పడింది. అంతే.

"ముంచకపోతె బొందలగడ్డల జాగ ఇయ్యరంట" అన్నది బక్కమ్మ, కాళ్లు చాపి గోడకు ఆనుకుంటూ. "మీ నాయిన ఆడ ఒక్కడే పండిండు. నేను సచ్చినంక యాడికి పోవాలె, కంపెనోళ్ల గోడకిందికా?"

"మరి దిగరాదె అవ్వా" అన్నది కూతురు.

"దిగుడు కష్టమానె? దిగినంక లేసుడెట్ల? ఆ పాస్టరయ్య చేతులు సూసినవా, సన్నపుల్లల లెక్క. నువ్వు పట్టుకుంటె దిగుత. ఇంకెవలు పట్టుకున్నా దిగ."

"నాకు నడుంనొప్పి కదనె."

"నేనేమన్న బస్తానా? నలభై కిలోలు లేను."

సుకుమారి ఏలీయా వైపు చూసింది. ఏలీయా పైకప్పు వైపు చూశాడు. "సరేనె" అన్నది సుకుమారి.

ఇద్దరూ నాలుగు రోజులు సన్నాహాలు చేశారు. ఆ ఇంటి వెనక నీళ్లు పట్టుకునే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. ఆ ప్రాంతంలో ప్రతి ఇంటి వెనకా అదే డ్రమ్ము, ఏదో ఒక కంపెనీ నుంచి వచ్చిందే. గురువారం సాయంత్రం పాత సంచులన్నీ తెచ్చి ఒక్కొక్కటే డ్రమ్ములో వేసి చూశారు. దూది మునిగి, ఉబ్బి, వంకరపోయింది. స్పాంజి చేపలా పైకి లేచింది.

"అల్లెలూయ అనంగనే మెడకాడికొస్తది ఇది" అన్నది సుకుమారి. నవ్వి నవ్వి డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడింది.

గోళీల సంచి వేశారు. నిశ్శబ్దంగా మునిగి అడుగున కూర్చుంది. తీసి పిండితే ఆకారం చెడలేదు. "ఇదే" అన్నాడు ఏలీయా. నర్సు ఇచ్చిన పేజీ తీసి చూసుకుంటూ సుకుమారి ముతక తెల్లగుడ్డతో మెడదాకా ఉండే జాకెట్టు కుట్టింది. లోపల జేబు, జేబుకు గుండీ, కింద జాకెట్టు అంచును లంగాకు కలిపి కుట్టు. ఆ నలుగురు నవ్వే ఆడవాళ్ల బట్టల నుంచి తీసుకోగలిగినంతా తీసుకుంది.

శనివారం సాయంత్రం ఏలీయా ఒక పని చేశాడు. అది వానాకాలం. గోళీలు మూడు రోజులకే గులాబీ అయిపోతున్నాయి. గురువారం డ్రమ్ములో వేసినవీ అలాంటివే, తేమ పీల్చి పీల్చి నిండినవి. రేపు పెద్ద రోజు, అత్తగారి బాప్తిస్మం. అందుకని సంచి విప్పి రెండు వాయిలుగా వేయించాడు. ముదురు నీలం వచ్చేదాకా వేయించాడు. పొద్దుటికి మళ్లీ తేమ పట్టకుండా సంచి కుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి మూతి కట్టాడు. పన్నెండేళ్లు స్టోర్సులో పనిచేసిన మనిషి. ఎండిన గోళీలు గాలిలో ఏం చేస్తాయో తెలుసు. వాటిని నీళ్లలో ముంచాల్సిన అవసరం ఏ స్టోర్సులోనూ రాదు.

ఆదివారం సుకుమారి కవరు విప్పి సంచిని కొత్త జాకెట్టు జేబులో పెట్టుకుంది. తొట్టిలో నీళ్లు నడుముదాకా ఉన్నాయి. బక్కమ్మ మెట్టు మెట్టుకూ ఆగింది. చివరి మెట్టు మీద కూతుర్ని రెండు చేతులతో చుట్టేసి, తల ఎడమవైపు రొమ్ముకు ఆనించి కళ్లు మూసుకుంది.

"విడువకు బిడ్డా."

"విడువనె. ఊపిరి బిగవట్టు."

పాస్టరు బర్నబా చెప్పాల్సిన మాటలు చెప్పాడు. వదలమంటే ముసలామె వదలలేదు, అందుకని తల్లినీ కూతుర్నీ కలిపే ముంచాడు. లేచారు. గట్టున ఉన్నవాళ్లు పాట ఎత్తుకున్నారు.

అప్పుడు చప్పుడు మొదలైంది. వేడి మూకుడులో నీటిబొట్లు పడినట్టు చిటపట. పొడిగోళీలు ఒక్కసారిగా నీళ్లు తాగితే పగులుతాయి, వేడెక్కుతాయి. జాకెట్టు లోపల అదే జరుగుతోంది. సుకుమారికి చప్పుడు వినబడింది కానీ వేడి తెలియలేదు. కోసినచోట ఆమెకు స్పర్శ లేదు. ఆ వేడి తెలిసింది బక్కమ్మ చెంపకు.

"ఏంది బిడ్డా గది?"

"ఏం లేదవ్వా. ఊపిరి తీస్కో."

బక్కమ్మ చెంప తీసి, అక్కడ అరచెయ్యి పెట్టింది. కొద్దిసేపు అలాగే ఉంచింది. తర్వాత తలెత్తి కూతురి మొహంలోకి చూసింది. సుకుమారి పాట పాడుతున్నవాళ్ల వైపు చూస్తోంది.

"సలి పెడ్తున్నది. పోదాం పా" అన్నది బక్కమ్మ.

దుప్పటి చాటున కూతురు తల్లికి పొడిబట్టలు కట్టింది. తన వంతు వచ్చేసరికి ఏం చెప్పి తల్లిని బయటికి పంపాలా అని వెతుక్కుంటోంది. బక్కమ్మ తనంతట తనే గోడవైపు తిరిగి నిలబడింది, జుట్టు పిండుకుంటూ, చాలాసేపు. గట్టెక్కామనుకుంది సుకుమారి.

ఇంటికొచ్చాక ఏలీయా విని తలపట్టుకున్నాడు. "నేనే ఆరవెట్టిన. పాతయి పాతయిగనే ఉంచితె సప్పుడే రాకపోవు."

"పోనియ్యి. అవ్వకు తెల్వలేదు."

చప్పుడు మాత్రం చర్చిలో మరొకరి చెవిన పడింది. గట్టున ముందువరసలో నిలబడ్డ ఇందిరమ్మ ఆ చిటపట విన్నది. సాయంత్రానికి అది పరిశుద్ధాత్మ దించిన అగ్ని అయింది. వచ్చే ఆదివారం సుకుమారి అందరి ముందు సాక్ష్యం చెప్పాలని పాస్టరు బర్నబా ఇంటికే వచ్చి అడిగాడు. సుకుమారి ఆయన్ను వెనక్కి తీసుకెళ్లి డ్రమ్ము పక్కన నిలబెట్టి, "గది కాజీపల్లి మాల్, అయ్యగారు" అని మొత్తం చెప్పింది. ఆయన ముఖం పడిపోయింది. ఒక స్త్రీ ఇలాంటి దేహంతో తన తల్లిని పట్టుకుని నీళ్లలో నిలబడింది. సాక్ష్యానికి అది ఆయనకు సరిపోలేదు. మరో ఊరి కూటాల్లో పేర్లు లేకుండా అగ్ని కథ చెప్పాడని తర్వాత తెలిసింది.

బక్కమ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కాకపోతే నెలకొకసారి వచ్చినప్పుడు తన పాతచీర ఒకటి ఉతికి, మడిచి తెచ్చేది. కట్టి కట్టి మెత్తబడ్డ నేతచీరలు. "అస్తరుకు కుట్టుకో, ఒంటికి ఒత్తుకోదు" అనేది. ముసలిదానికి చాదస్తం పెరిగిందని ఇద్దరూ నవ్వుకున్నారు. సంచికి కొత్తగుడ్డ కావాల్సినప్పుడల్లా వాటిలోంచే ముక్క చించుకున్నారు.

1998 చలికాలంలో సుకుమారికి దగ్గు పట్టుకుంది. రోగం ఊపిరితిత్తులకు పాకిందని హైదరాబాదులో చెప్పారు. బక్కమ్మకు నిమ్ము అని చెప్పారు. బక్కమ్మ మిరియాల కషాయం కాచి పోసింది. కూతురు తాగింది. ఇద్దరూ ఒకే మంచం మీద మధ్యాహ్నాలు పడుకుని బడి కబుర్లు చెప్పుకునేవాళ్లు. అసలు కబురు ఒక్కటి తప్ప అన్నీ.

1999 ఫిబ్రవరిలో ఒక పొద్దున సుకుమారి చనిపోయింది. శవానికి స్నానం చేయించడానికి చర్చి ఆడవాళ్లు వచ్చారు. ఇందిరమ్మ గుమ్మం దగ్గర అడ్డం నిలబడింది. "నువ్వు బైట కూసో అవ్వా. మేం చేస్తం."

"జరుగు."

"నువ్వు సూడలేవు అవ్వా, చెప్పిన మాటిను."

"నేను కడిగిన ఒళ్లు గది. జరుగు."

బక్కమ్మ లోపలికి వెళ్లి కూతురి పక్కన కూర్చుని బట్ట తీసింది. ఆ మచ్చను ఆమె చూడడం అదే మొదలు. చంక దగ్గర నుంచి ఛాతీ మధ్యదాకా ఒక అడ్డగీత. ఆడవాళ్లందరూ ఆమె అరుపు కోసం ఎదురుచూశారు. ఆమె చెంబుతో నీళ్లు పోసి, ఆ గీత మీద అరచేత్తో రుద్దింది.

"నీళ్లల్లనే ఎరుకైంది నాకు" అన్నది ఎవరి వైపూ చూడకుండా. "ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది అని సూసిన. నేనడిగితె నాకు తెల్సిందని పిల్ల పరేషానైతది అని అడుగకపోతి."

ఇలాంటి చోట త్యాగం అనే మాట వేయడం మనకు అలవాటు. తల్లి కోసం కూతురు దాచింది, కూతురి కోసం తల్లి తెలియనట్టుంది, ఎంత గొప్ప మనసులు అని. గొప్పతనం సంగతి నాకు తెలియదు. రెండున్నరేళ్లపాటు ఇద్దరు మనుషులు ఒకే మంచం మీద పడుకుని ఒకే సంగతి గురించి చెరో వైపు తిరిగి ఏడ్చారు. ఒక్కసారి కలిసి ఏడ్చి ఉంటే ఎవరికేం నష్టమో ఎవరూ చెప్పలేరు.

తెల్లచీర కట్టాక, జాకెట్టు ఎడమవైపు చదునుగా పడిపోయింది. బక్కమ్మ చూసి, గుమ్మంలో నిలబడ్డ అల్లుడితో, "అది ఏడున్నది?" అన్నది.

ఏలీయాకు అర్థమయింది. బీరువాలోంచి సంచి తెచ్చాడు. రెండు నెలలుగా సుకుమారి దాన్ని పెట్టుకోలేదు. విప్పితే గోళీలు గులాబీగా ఉన్నాయి. అతను ఇంకేమీ ఆలోచించలేదు. వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించి పెనం పెట్టాడు.

"ఏలీయన్నా! శవం ఇంట్ల ఉండంగ పొయ్యి ముట్టిస్తరా ఎవలన్న?" ఇందిరమ్మ కేక వేసింది. అన్ని పాత ఆచారాలూ వదిలేశామని చెప్పుకునే చర్చిలో ఈ ఒక్కటి ఎవరూ వదల్లేదు. ఇద్దరు మగవాళ్లు లేచి వంటింటి వైపు వచ్చారు.

"ముట్టియ్యనియ్యి" అన్నది బక్కమ్మ.

ఆమె లేచి వెళ్లి పొయ్యి పక్కన కూర్చుంది. ఏలీయా అట్లకాడతో కదుపుతున్నాడు. రెండు మూడు గోళీలు కింద పడితే ఆమె ఏరి పెనంలో వేసింది.

"ఆనాడు పేలినయి గివేనా?"

"ఇవే అత్తమ్మా. కొన్ని పగిలినయి, కొత్తయి కలిపిన."

"మట్టిల సప్పుడు జేస్తయా?"

ఏలీయా పెనాన్ని కాస్త కుదిపాడు. "జెయ్యవు. ఒక్కపారి నీళ్లు తాకితెనే. మట్టి తడికి మెల్లమెల్లగ రంగు మారుతయి."

నీలం వచ్చింది. చల్లారేదాకా ఇద్దరూ కూర్చున్నారు. అతను కుట్టాడు. ఆ సంచి గుడ్డ తన చీరదేనని బక్కమ్మ అంచు చూసి గుర్తుపట్టింది. తీసుకెళ్లి కూతురి జాకెట్టు గుండీ విప్పి లోపలి జేబులో పెట్టింది. మరీ పైకి పెట్టింది. పక్కకు వచ్చి చూసి, తీసి, కిందికి జరిపి పెట్టి, కుడివైపుకు సమంగా ఉందో లేదో మళ్లీ చూసింది.